సిక్లిడ్ చేపల గుడ్లు, పిల్లల సంరక్షణ: పలక మీద గుడ్డు నుంచి రూపాయి బిళ్ళ సైజు దాకా

"గుడ్లు పెట్టాయి, రెండో రోజుకే తెల్లబడిపోయాయి." "పిల్లలు బాగానే ఈదాయి, వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు." నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అక్వేరియంలో సిక్లిడ్లు (ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ లాంటి చేపల కుటుంబం) పెంచేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో ఈ రెండే ఎక్కువ. మొదటిదానికి కారణం చాలాసార్లు నీళ్ళు. రెండోదానికి కారణం దాదాపు ఎప్పుడూ మేతే. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజున వాటికి తగిన మేత చేతిలో ఉండదు. అప్పుడు వెతకడం మొదలుపెడతాం, ఈలోపు అవి చచ్చిపోతాయి.

అందుకే ఇక్కడ గుడ్ల కంటే మేతకు ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. మన తీరం పొడవునా రొయ్యల హేచరీలు ఉన్నాయి కాబట్టి, చేపపిల్లకు అన్నిటికన్నా మంచి తొలి మేత అయిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవి) లోపలి జిల్లాల వాళ్ళకంటే మనకు సులువుగా దొరుకుతుంది.

దశలన్నీ ఏంజెల్ చేపను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఇళ్ళల్లో మామూలు ట్యాంకులోనే గుడ్లు పెట్టే సిక్లిడ్ అది. ఆస్కార్‌కూ ఇదే పద్ధతి. మిగతా రకాలకు తేడా ఎక్కడుందో 10వ భాగంలో ఉంది.

1. ముందు మీ చేప ఏ కోవదో తేల్చుకోండి

ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ నున్నటి ఆకు మీదో, రాయి మీదో, అద్దం మీదో బయటికే గుడ్లు అతికిస్తాయి. క్రిబెన్సిస్ కుండలోనో రాతి సందులోనో దాచి పెడుతుంది. కాన్విక్ట్ కూడా వీలుంటే అలాంటి చోటే చూసుకుంటుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చిన ఎంబూనా చేపల్లో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. మన చెరువుల్లో పడే తిలాపియా కూడా సిక్లిడ్డే, అదీ నోట్లోనే పొదుగుతుంది.

ఏంజెల్ జంటలో ఏది ఆడదో ఏది మగదో గుడ్లు పెట్టే సమయంలోనే కచ్చితంగా తెలుస్తుంది. పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది. ఆడదానికి అది లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది. రెండింటికీ మొద్దుగానే కనిపిస్తే మీ దగ్గరున్నవి రెండు ఆడచేపలు. అవి కూడా జంటలాగే తిరుగుతాయి, గుడ్లు పెట్టడానికి మనం ఉంచిన పలకరాయిని శుభ్రం చేస్తాయి, గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మాత్రం ఎన్నిసార్లు పెట్టినా తెల్లబడిపోతాయి.

2. గుడ్లు పెట్టకముందే ఇవన్నీ ఇంట్లో ఉండాలి

- 20 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి. అడుగున గులకరాళ్ళు, ఇసుక, మొక్కలు ఏమీ వద్దు
- 75 లీటర్లకు తగ్గని పెద్ద ట్యాంకు ఒకటి, మూడో వారం నుంచి పిల్లలకు
- ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు
- కనీసం మూడు నాలుగు వారాలుగా తల్లిదండ్రుల ట్యాంకులో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్
- థర్మామీటర్, చిన్న హీటర్
- టీడీఎస్ మీటర్ (నీళ్ళలో సున్నం, ఉప్పు లాంటివి మొత్తం ఎంత కరిగాయో చూపేది)
- ఒక శాతం మిథిలిన్ బ్లూ (గుడ్లకు బూజు పట్టకుండా వేసే నీలిరంగు మందు)
- ఆర్టీమియా గుడ్లు, అయోడిన్ కలపని గళ్ళ ఉప్పు
- సన్నటి ఎయిర్ ట్యూబు, ఫిల్లర్ (డ్రాపర్) లేదా సూది లేని సిరంజి

ఈ జాబితాలో చాలామంది వదిలేసేది స్పాంజ్ ఫిల్టర్. గుడ్లు పెట్టాక కొత్త స్పాంజ్ కొని వేస్తే అది బుడగలు వదులుతుంది, అంతే. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా అందులో స్థిరపడటానికి వారాలు పడుతుంది. ఒక అదనపు స్పాంజ్‌ను ఈరోజే పెద్ద ట్యాంకులో వేసి వదిలేయండి. ఎప్పుడు అవసరమొస్తే అప్పుడు తీసుకోవచ్చు.

ఎయిర్ పంపును నీటి మట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబు గుండా వెనక్కి జారి పంపు పాడవుతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది.

3. నీళ్ళు: ఊరిని బట్టి మారే పని

మునిసిపాలిటీ నీళ్ళు అయితే ముందు క్లోరిన్ పోవాలి. బకెట్టులో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే సరిపోతుంది. తొందరగా కావాలంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. రొయ్యల మందుల షాపుల్లో కిలోల్లో ఉంటుంది. 10 లీటర్లకు కందిపప్పు గింజంత పలుకు వేసి కరిగిస్తే చాలు.

బోరు నీళ్ళ సంగతి వేరు. కనిగిరి, పొదిలి వైపు గిన్నెకు తెల్లగా సున్నం పట్టే నీళ్ళు మామూలే. పెద్ద ఏంజెల్ చేపలు అలాంటి నీళ్ళకు అలవాటు పడతాయి, గుడ్లూ పెడతాయి. కాని సున్నం ఎక్కువున్న నీళ్ళలో ఆ గుడ్లలో చాలా భాగం ఫలించవు, ఫలించినవి కూడా సరిగా పగలవు. టీడీఎస్ 200 దగ్గరలో ఉంటే ఏంజెల్ గుడ్లకు నిశ్చింత.

దీనికి దారి ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు కలపడం. లెక్క ఇలా ఉంటుంది. మీ బోరు టీడీఎస్ 900, ఆర్‌ఓ క్యాను నీళ్ళు 40 అనుకుందాం. పది లీటర్లకు రెండు లీటర్లు బోరు, ఎనిమిది లీటర్లు ఆర్‌ఓ కలిపితే 212 వస్తుంది. పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళే పోయకండి. అందులో పీహెచ్‌ను (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని) పట్టి ఉంచే ఖనిజాలు ఉండవు, ఒక్క రోజులోనే పీహెచ్ పడిపోవచ్చు.

ఇంకో జాగ్రత్త సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళకు. టీడీఎస్ మీటర్ నీళ్ళలో కరిగింది సున్నమా, ఉప్పా అనేది చెప్పదు. తీరంలో బోరు నీళ్ళు 900 చూపిస్తే అందులో ఎక్కువ భాగం ఉప్పే కావచ్చు. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులు మన టౌన్లలో ఉన్నాయి. ఒక బాటిల్ ఇచ్చి హార్డ్‌నెస్ (సున్నం ఎంతో), ఆల్కలినిటీ (పీహెచ్‌ను పట్టి ఉంచే గుణం), పీహెచ్ చూపించుకోండి. ఒక్కసారి చూపిస్తే మీ నీళ్ళ సంగతి తెలిసిపోతుంది.

అక్టోబర్, నవంబర్ వానల్లో ఇంకో వీలుంది. మొదటి రెండు మూడు వానలు దుమ్మును కడిగేశాక, ఆరుబయట శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బు పెట్టి నేరుగా పట్టిన వాననీరు చాలా మెత్తన, అంటే సున్నం, ఉప్పు దాదాపు ఉండవు. ఆర్‌ఓ బదులు దాన్ని కలుపుకోవచ్చు. రేకుల మీద నుంచి కారిన నీళ్ళు మాత్రం వద్దు.

ఏ మార్పు చేసినా తల్లిదండ్రుల ట్యాంకులో ముందుగా, వారం పది రోజులు పట్టేలా చేయండి. గుడ్లు పెట్టాక నీళ్ళ గుణం మార్చకూడదు.

4. పలక పెట్టడం

ఏంజెల్ చేప ఫిల్టర్ పైపు మీదో అద్దం మీదో గుడ్లు పెడితే తీయడం కష్టం. అందుకే నిలువుగా ఒక పలకరాయి పెడతాం. మార్కాపురం పలకరాయి దగ్గర్లో ఉండగా వేరే దేనికీ డబ్బు పెట్టక్కర్లేదు. నాలుగు అంగుళాల వెడల్పు, పది పన్నెండు అంగుళాల పొడవున్న ముక్క సరిపోతుంది. అంచులు పదునుగా ఉంటే గరుకురాయితో రుద్దండి.

రాయి మంచిదో కాదో చూడటానికి దానిమీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, వాడకండి. అసలైన పలకరాయికి నురగ రాదు. వేడినీళ్ళతో కడగండి. సబ్బు, డిష్‌వాష్ దగ్గరికే రానివ్వద్దు.

పలకను అద్దానికి కొంచెం వాలుగా, ఫిల్టర్ గాలి మరీ తగలని మూలలో ఆనించండి. జంట రోజంతా నోటితో దాన్ని శుభ్రం చేస్తుంటే ఒకటి రెండు రోజుల్లో గుడ్లు వస్తాయని అర్థం. ఆర్టీమియా డబ్బా తెచ్చిపెట్టుకోవాల్సిన ఆఖరి గడువు అదే.

5. గుడ్లు పెట్టిన రోజు

తల్లిదండ్రుల దగ్గరే ఉంచాలా, తీసేయాలా? చూడటానికైతే తల్లిదండ్రులు పెంచడమే బాగుంటుంది. రెక్కలతో గాలి కొడుతూ, పాడైన గుడ్లను ఏరి పారేస్తూ అవి పడే శ్రమ చూసితీరాలి. కాని ట్యాంకులో వేరే చేపలుంటే ఆ గుడ్లు మిగలవు. రాత్రిపూట ప్లీకో (అద్దానికి నోటితో అతుక్కునే చేప) ఒక్కటి చాలు మొత్తం తినేయడానికి. నత్తలూ వదలవు. కొత్త జంటలు మొదటి కొన్ని విడతల్లో తమ గుడ్లను తామే తినడం కూడా మామూలే. పిల్లలు కచ్చితంగా కావాలంటే తీసేయడమే నా సలహా.

తీసే క్రమం:

1. ఆడచేప గుడ్లు వరసగా అతికించడం, మగచేప వాటి మీదుగా వెళ్ళడం పూర్తిగా ఆగేదాకా వేచి ఉండండి. తర్వాత ఒకటి రెండు గంటలు వదలండి.
2. చిన్న ట్యాంకులో సగం తల్లిదండ్రుల ట్యాంకు నీళ్ళు, సగం అదే టీడీఎస్ ఉన్న తాజా నీళ్ళు పోయండి. ఉష్ణోగ్రత రెండింటిలోనూ ఒకటే ఉండాలి.
3. ఒక ప్లాస్టిక్ డబ్బాను ట్యాంకులో ముంచి, పలకను నీళ్ళలోనే అందులోకి దించి, నీళ్ళతో సహా మార్చండి.
4. పలకను గుడ్లు ఉన్న వైపు కొంచెం కిందికి వాలేలా నిలబెట్టండి. అలా పెడితే చెత్త వాటిమీద పేరుకోదు.
5. ఎయిర్ స్టోన్‌ను గుడ్లకు రెండు అంగుళాల పక్కన పెట్టండి. బుడగలు గుడ్లకు తగలకూడదు, నీళ్ళు మాత్రం వాటిమీదుగా కదలాలి.
6. ఒక శాతం మిథిలిన్ బ్లూ అయితే 10 లీటర్లకు 2 మిల్లీలీటర్లు వేయండి. వేరే బలమైతే సీసా మీద రాసింది చూడండి. నీళ్ళు నీలంగా ఉన్నా పలక కనిపించాలి.

ఈ దశలో స్పాంజ్ ఫిల్టర్ వేయకండి. మిథిలిన్ బ్లూ అందులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. అదే కారణంగా ఈ మందును పెద్ద ట్యాంకులో ఎప్పుడూ పోయకూడదు.

గది సంగతి కూడా చూడండి. దోమలు ఎక్కువని మనం రాత్రిళ్ళు కాయిల్ వెలిగిస్తాం, లిక్విడ్ మిషన్ పెడతాం, స్ప్రే కొడతాం. వాటిలోని పురుగుమందు చేపలకు చాలా ప్రమాదం. ఎయిర్ పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్ళలోకి కొడుతుంది. పిల్లలున్న గదిలో దోమతెర తప్ప ఇంకేదీ వద్దు.

6. మొదటి వారం: ఏ రోజు ఏం కనిపించాలి

ఇవి 27 నుంచి 28 డిగ్రీల దగ్గర వచ్చే మార్పులు. నీళ్ళు చల్లగా ఉంటే ఆలస్యమవుతాయి, వేడిగా ఉంటే ముందుకొస్తాయి.

మొదటి రోజు. బాగున్న గుడ్డు లేత తేనె రంగులో, పారదర్శకంగా ఉంటుంది. తెల్లగా మారినవి ఫలించనివి. కొన్ని తెల్లబడటం సహజం. తెల్లగుడ్డుకు బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది కాబట్టి, సిరంజితో నెమ్మదిగా పీల్చేయండి. మంచి గుడ్డు కదిలిపోయేట్టుంటే ఆ ఒక్కదాన్ని వదిలేయండి.

రెండో రోజు. గుడ్డులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. సాయంత్రానికో మర్నాటికో తోకలు ఆడటం మొదలవుతుంది.

మూడో రోజు. 48 నుంచి 60 గంటల మధ్య పిల్లలు గుడ్డు నుంచి బయటపడతాయి. తలమీద ఉండే జిగురుతో పలకకే అంటుకుని తోకలాడిస్తుంటాయి. కొన్ని అడుగుకు రాలతాయి. కంగారు పడకండి, అక్కడ కూడా బతుకుతాయి.

నాలుగు నుంచి ఏడో రోజు. పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచే వాటి ఆహారం. వాటికి నోరు ఇంకా పనిచేయదు. ఈ రోజుల్లో మేత వేయడమే జనం చేసే అతిపెద్ద తప్పు. వేసిందంతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. మీరు చేయాల్సింది ఒక్కటే: రోజూ మూడో వంతు నుంచి సగం నీళ్ళు, అదే ఉష్ణోగ్రత, అదే టీడీఎస్ ఉన్నవి మార్చడం. పిల్లలు ఈదే సమయానికి నీలిరంగు పూర్తిగా పోవాలి. రంగు పోయాక, పాత స్పాంజ్ ఫిల్టర్‌ను చిన్నగా నడిపించండి.

ఏడు, ఎనిమిదో రోజు. ఒక్కొక్కటీ పైకి లేచి, పడి, మళ్ళీ లేస్తుంది. ఎక్కువ భాగం అడ్డంగా నిలబడి ఈదుతున్నప్పుడు మొదటి మేత వేయాలి.

దీన్ని బట్టి ఆర్టీమియాను ఎప్పుడు పొదగేయాలో తెలుస్తుంది. గుడ్లు పెట్టిన ఆరో రోజు సాయంత్రం మొదటి సీసా వేయండి. పిల్లలు ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేదు, ఇంకో సీసా వేసుకోవచ్చు. మేత ఒక రోజు ఆలస్యమైతే మాత్రం బలహీనపడ్డ పిల్లలు మళ్ళీ కోలుకోవు.

7. ఆర్టీమియా పొదిగించడం

ఆర్టీమియా అంటే ఉప్పునీటిలో బతికే చాలా చిన్న రొయ్యజాతి జీవి. దాని ఎండు గుడ్లు టిన్నుల్లో వస్తాయి. టిన్ను సుమారు 450 గ్రాములు ఉంటుంది, ధర ఎక్కువ. ఒక ఇంటికి అంత అక్కర్లేదు. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుని పంచుకోండి, లేదా రొయ్యల మేత, మందుల షాపుల్లో చిన్న ప్యాకెట్టు అడగండి. తెరిచిన టిన్ను గాలికి తేమ పీల్చుకుంటే సగం గుడ్లు పొదగవు. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో హేచరీలో పనిచేసేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఆర్టీమియా పొదగడం వాళ్ళ రోజువారీ పని. ఒక్కసారి పక్కన నిలబడి చూస్తే ఇక్కడ చదివినదానికంటే బాగా అర్థమవుతుంది.

ఇంట్లో చేసే పద్ధతి:

1. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి.
2. లీటరు నీళ్ళలో 25 గ్రాముల గళ్ళ ఉప్పు కరిగించండి. పెద్ద చెంచాతో సుమారు ఒకటిన్నర. చిటికెడు వంటసోడా వేయండి.
3. ఒక గ్రాము ఆర్టీమియా గుడ్లు వేయండి. టీ చెంచాలో మూడో వంతు అనుకోండి.
4. ఎయిర్ ట్యూబును మూత దగ్గర అడుగుదాకా దించి గట్టిగా గాలి వదలండి. ఒక్క గుడ్డు కూడా అడుగున కూర్చోకూడదు.
5. పైన బల్బు వెలిగించి ఉంచండి. నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటే 24 గంటల్లో ముదురు గోధుమ రంగు పోయి నారింజ రంగు వస్తుంది.
6. గాలి ఆపి పది నిమిషాలు వదలండి. పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుగుకు దిగుతాయి. కింది వైపు లైటు చూపిస్తే నారింజ రంగు పిల్లలన్నీ అక్కడ గుంపు కడతాయి.
7. అడుగున దిగిన మొదటి కొన్ని చుక్కలు పారబోసి, నారింజ గుంపును మాత్రం సన్నటి ట్యూబుతో లాగండి. సన్నటి పట్టుగుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి.

పెంకులు చేపపిల్లల కడుపులోకి పోతే పేగులో అడ్డుపడతాయి. పైన తేలినవాటిని ఎప్పుడూ వేయకండి.

ఆర్టీమియా పుట్టిన కొద్ది గంటల్లోనే దానిలోని పచ్చసొన బలం ఎక్కువ. ఆ తర్వాత ఆ బలాన్ని అదే ఖర్చు చేసుకుంటుంది. ఉదయం తీసినవాటిలో మిగిలినవి కొద్ది నీళ్ళలో ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం మేతకు, మర్నాటి పొద్దుటి మేతకు పనికొస్తాయి. ప్రతి 24 గంటలకు ఒక సీసా మొదలుపెడుతూ రెండు సీసాలు నడిపిస్తే ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది. నేనైతే ఒక్క సీసాతో ఎవర్నీ మొదలుపెట్టనివ్వను.

ఆర్టీమియా బదులు ఉడికిన కోడిగుడ్డు సొన వేయొచ్చా అని అడుగుతారు. వేస్తే పిల్లలు తింటాయి. కాని తిన్నదానికంటే నీళ్ళలో కరిగేది ఎక్కువ, 20 లీటర్ల ట్యాంకును ఒక్క పూటలో పాడు చేస్తుంది. ఆర్టీమియా పొదగక ఒక పూట గడవాల్సి వస్తే, సూదిమొనంత వేసి అరగంటలో నీళ్ళు మార్చండి. ఓట్స్‌లో పెంచే మైక్రోవార్మ్స్ అనే సన్నటి పురుగులు దీనికంటే మంచి ప్రత్యామ్నాయం.

చెరువు నుంచి వలతో పట్టిన నీటి ఈగల్ని (డాఫ్నియా) ఈ వయసు పిల్లలకు వేయకండి. వాటితోపాటు తూనీగ పిల్లపురుగులు, హైడ్రా వస్తాయి, రెండూ చేపపిల్లల్ని తింటాయి. రొయ్యల చెరువు నీళ్ళయితే మందులుంటాయి. హేచరీలో వాడిన బకెట్లు, పైపులు కూడా తేవద్దు, బ్లీచింగ్ వాసన పోయినట్టు కనిపించినా నమ్మలేం.

8. ఈదడం మొదలయ్యాక పది రోజులు

పోయే పిల్లల్లో ఎక్కువ ఈ పది రోజుల్లోనే పోతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెం వేయండి. వేసిన పావుగంటకు పక్క నుంచి టార్చ్ కొట్టి చూడండి. పొట్టలు నారింజ రంగులో గుండ్రంగా ఉన్నాయా? ఉంటే తిన్నట్టు. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. కొన్నింటికే రంగు కనిపిస్తే మేత వాటి దగ్గరికి చేరడం లేదు. ఫిల్టర్ గాలి తగ్గించి, ఆర్టీమియాను సిరంజితో గుంపు మధ్యలో వదలండి.

ఆర్టీమియా మంచినీళ్ళలో కొన్ని గంటలే బతుకుతుంది. మిగిలింది చచ్చి అడుగున తెల్లటి పొరలా పడుతుంది. రోజూ చివరి మేత తర్వాత ఎయిర్ ట్యూబుతో అడుగు పీల్చి, ఆ పోయిన నీళ్ళకు బదులు కొత్తవి చుక్కచుక్కగా దించండి. రోజుకు పావు వంతు మార్చితే చాలు. పీల్చిన నీళ్ళను తెల్ల బకెట్టులోకి పట్టండి, పొరపాటున వచ్చిన పిల్లలు కనిపిస్తాయి.

మొదటి కొన్ని రాత్రులు చిన్న లైటు వెలిగించి ఉంచండి. పూర్తిగా చీకటైతే పిల్లలు అడుగున చెత్తలో పడి ఉంటాయి.

రోజూ చూసుకోవాల్సినవి:

- పొట్టలు నారింజ రంగులో ఉన్నాయా
- చనిపోయినవి, తెల్లపొర తీశారా
- ఉష్ణోగ్రత 27 నుంచి 29 మధ్య ఉందా
- అమ్మోనియా సున్నా చూపిస్తోందా (రొయ్యల రైతులు వాడే కిట్టు చాలు)
- రేపటి ఆర్టీమియా సీసా మొదలుపెట్టారా

9. మూడో వారం నుంచి రెండో నెల

రెక్కలు నిక్కి ఏంజెల్ ఆకారం కనిపించడం మొదలయ్యాక పెద్ద ట్యాంకుకు మార్చండి. వలతో పట్టకండి, గిన్నెతో నీళ్ళతో సహా ముంచి తీయండి. పాత స్పాంజ్ కూడా వాటితోపాటు వెళ్ళాలి.

నాలుగో వారం నుంచి పొడి చేసిన ఫ్లేక్‌ను (రేకుల్లా వచ్చే ఎండు మేతను) ఆర్టీమియాకు ముందు, ఆకలిగా ఉన్నప్పుడు చిటికెడు వేయండి. వారం పది రోజులు రెండూ నడవాలి. ఒక్కసారిగా ఆర్టీమియా ఆపేస్తే పెరుగుదల ఆగిపోతుంది.

రూపాయి బిళ్ళ సైజుకు వచ్చేసరికి చేపకు నాలుగు లీటర్ల చొప్పున చోటు చూసుకోండి. వంద పిల్లలు పుడితే వందా ఉంచుకోవాలనే ఆశ వద్దు. ఇరుకులో పెరిగిన వాటికి పొట్ట కింది పొడుగాటి రెక్కలు వంకర పోతాయి, అది మళ్ళీ సరికాదు.

10. మిగతా రకాలకు తేడా

*కాన్విక్ట్, క్రిబెన్సిస్:* వీటి తల్లిదండ్రులు చాలా మంచి కాపరులు, వదిలేయండి. పగిలిన పూలకుండీని బోర్లించి, చేప దూరేంత సందు ఇవ్వండి. వేరే చేపలు ఉండకూడదు, లేదంటే కాన్విక్ట్ వాటిని చంపేస్తుంది. ముందు వైపు అద్దానికి పేపరు అంటించి అలజడి తగ్గించండి. మీరు ఆర్టీమియాను సిరంజితో గుంపు దగ్గర వదిలితే చాలు.

*డిస్కస్:* పిల్లల్ని విడదీయకండి. ఈదడం మొదలవగానే అవి తల్లిదండ్రుల ఒంటిమీద ఊరే జిగురునే తింటాయి. నాలుగైదు రోజుల తర్వాత ఆర్టీమియా అలవాటు చేసి, రెండు వారాలు దాటాక వేరు చేయవచ్చు.

*ఫ్లవర్‌హార్న్:* మగదానికి, ఆడదానికి మధ్య జల్లెడ గోడ పెట్టకపోతే ఆడచేప ప్రాణం మీదికి వస్తుంది. ఇది సంకరజాతి. మగచేపల్లో పిల్లల్ని పుట్టించలేనివి చాలా ఉంటాయి. గుడ్లన్నీ ప్రతిసారీ తెల్లబడితే నీళ్ళను మాత్రమే అనుమానించకండి.

*ఎంబూనా:* సున్నం నీళ్ళున్న ఊళ్ళవాళ్ళకు నేను ముందు చెప్పేది వీటి గురించే. ఆర్‌ఓ అక్కర్లేదు. గొంతు కింద ఉబ్బి, మేత ముట్టకుండా, నమిలినట్టు నోరు కదిపే ఆడచేపను రెండో వారం తర్వాత నెమ్మదిగా వేరే ట్యాంకుకు మార్చండి. ముందే కదిలిస్తే భయపడి గుడ్లను ఉమ్మేస్తుంది లేదా మింగేస్తుంది. సుమారు మూడు వారాలకు పిల్లల్ని వదులుతుంది. అవి పెద్దవిగా పుడతాయి, మొదటి రోజే పొడి చేసిన ఫ్లేక్ తింటాయి. పిల్లల్ని వదిలాక తల్లికి నాలుగైదు రోజులు బాగా మేత పెట్టి, కోలుకున్నాకే గుంపులోకి పంపండి.

11. ఎండలు, తుఫాను, కరెంటు

మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ట్యాంకు నీళ్ళు 32 దాటుతాయి. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, కుళ్ళు ఎక్కువ. ట్యాంకును రేకుల గదిలో, డాబా కప్పు కింది పై అంతస్తులో పెట్టకండి. మూత తీసి నీటి పైన ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు నేరుగా వేయవద్దు. ఆ నెలలో గుడ్లు పెడితే తల్లిదండ్రులకే వదిలేసి, వర్షాలు వచ్చాక మొదలుపెట్టడం మంచిది.

నవంబర్ తుఫాన్లకు కరెంటు రోజుల తరబడి పోవచ్చు. ఎయిర్ పంపు తీసుకునే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టర్ లైనుకు దాన్ని ఒక్కదాన్నే కలపండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ పంపు కొని పెట్టుకోండి. అదీ ఆగితే మేత బాగా తగ్గించి, చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి నెమ్మదిగా పోస్తూ ఉండండి. డిసెంబర్, జనవరి రాత్రులకు హీటర్ తప్పదు.

12. ఏం జరిగితే ఏం చేయాలి

- ఒక్క రోజులోనే గుడ్లన్నీ తెల్లబడ్డాయి: రెండు ఆడచేపలా చూడండి. కాకపోతే టీడీఎస్ తగ్గించండి. మగచేప మరీ చిన్నదైతే ఇంకో రెండు విడతలు ఆగండి.
- గుడ్లు బాగున్నాయి, రెండో రోజు బూజు పట్టింది: గాలి సరిగా ఆడలేదు, లేదా తెల్లగుడ్లు ఏరలేదు. ఎయిర్ స్టోన్ చోటు మార్చండి.
- పిల్లలు పొట్ట మీద పాకుతున్నాయి, పైకి లేవడం లేదు: ఎనిమిదో రోజు దాటినా అలాగే ఉంటే అడుగు మురికి, బ్యాక్టీరియా కారణం. శుభ్రమైన ట్యాంకుకు అదే గుణం ఉన్న నీళ్ళలోకి మార్చండి.
- రాత్రి బాగున్నాయి, పొద్దున గుట్టగా చచ్చాయి: అమ్మోనియా, క్లోరిన్, దోమల మందు. ఈ మూడింటినీ ఈ వరసలోనే అనుమానించండి. సగం నీళ్ళు వెంటనే మార్చండి.
- నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి: మేత ఎక్కువైంది. ఒక పూట ఆపి, అడుగు పీల్చి, నీళ్ళు మార్చండి.
- స్పాంజ్ మూసుకుపోయింది: కుళాయి కింద కడగకండి. ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

13. ఎక్కువైన పిల్లలు, తర్వాతి విడత

గుడ్లు తీసేస్తే ఏంజెల్ జంట రెండు వారాల్లో మళ్ళీ పెడుతుంది. ఆడచేప నీరసపడకుండా అప్పుడప్పుడు పలక తీసేసి విశ్రాంతినివ్వండి. మీ దగ్గర చోటు లేనప్పుడు వచ్చిన గుడ్లను తల్లిదండ్రుల దగ్గరే వదిలేయడం తప్పేమీ కాదు.

మిగిలిన పిల్లల్ని పెన్నాలో, కాలువలో, ఊరి చెరువులో మాత్రం వదలకండి. ముఖ్యంగా కాన్విక్ట్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్. అవి బతికితే మన చేపల గుడ్లనూ పిల్లల్నీ తింటాయి. తెలిసినవాళ్ళకో, చేపల షాపుకో ఇవ్వండి.

ఇచ్చేముందు ఒక రోజు మేత ఆపండి, కవరులో నీళ్ళు పాడవవు. రొయ్యపిల్లల్ని (సీడ్) ప్యాక్ చేసినట్టే మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్ నింపి, రెండు కవర్లు తొడగండి. పగటిపూట ప్రయాణమైతే థర్మాకోల్ పెట్టెలో పెట్టి పంపండి. మీ నీళ్ళ టీడీఎస్ ఎంతో ఒక చీటీ మీద రాసి తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వండి.